పత్తి ఒక్కటే వేయాలా, నడుమ కంది సాళ్లు పెట్టాలా?

వరంగల్ దగ్గరి పాకాల అడవిలో తునికి పక్కన ఇప్ప, దాని పక్కన మద్ది కనిపిస్తాయి. ఒక చెట్టు మీద బతికే పురుగు మరో చెట్టును వెతుక్కుంటూ తిరగాల్సిందే. అడవి దాటి నర్సంపేట వైపు వస్తే గట్టు నుంచి గట్టు దాకా పత్తే. పురుగుకు విస్తరి వేసి వడ్డించినట్టే. 1997-98లో పొగాకు లద్దె పురుగు వరంగల్ పత్తి రైతును ఎలా ముంచిందో ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. 2002లో, కాయతొలుచు పురుగును చంపే గుణం మొక్కలోనే ఉండే బీటీ విత్తనం వచ్చింది. చివరికి గులాబీ రంగు పురుగు దాన్నీ తట్టుకుంది.

నాలుగు నుంచి ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది పెడితే లెక్క మారుతుంది. కంది తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి, వాన మొహం చాటేసినా పత్తి కన్నా ఎక్కువ రోజులు ఓర్చుకుంటుంది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి కందికి అందిస్తాయి. ఆకు రాలి నేలకే చేరుతుంది. పత్తి ధర పడిపోయిన ఏడాది ఇంట్లో పప్పుకైనా లోటుండదు. చేను చుట్టూ జొన్న వరుసలు వేస్తే రసం పీల్చే పురుగులకు కొంత అడ్డు. అక్కడక్కడ ఆముదం ఉంటే లద్దె పురుగు దాని ఆకుల మీదే గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తుంచేస్తే సరి. అయితే శనగపచ్చ పురుగుకు కందీ ఇష్టమే, పత్తీ ఇష్టమే. కంది ఉంది కదా అని నిద్రపోకూడదు.

పత్తి ఒక్కటే వేసేవారి మాటలోనూ న్యాయం ఉంది. కలుపు మందు కొట్టడం సులువు. డిసెంబరుకల్లా కట్టె పీకేసి, గులాబీ పురుగుకు తిండి లేకుండా చేసి, యాసంగి మొక్కజొన్న వేసుకోవచ్చు. నడుమ కంది ఉంటే ట్రాక్టరు దిగదు. పత్తికట్టెను చేత్తో పీకాలి.

నా మట్టుకు, వానాధారపు చెల్కలో, అంటే తేలికపాటి ఎర్ర నేలలో, కంది లేని పత్తి జూదమే. నల్లరేగడి, బోరు ఉన్నవారు పత్తి ఒక్కటే వేసుకున్నా తప్పుపట్టను. నీరు నిలిచే చేలో మాత్రం కంది వద్దు, వేరు దెబ్బతిని మొక్క ఎండిపోతుంది.

ఇంకో చిక్కు, పుస్తకాల్లో రాయనిది. పత్తి ఏరడం అయిపోగానే ఊళ్లో పశువులను చేలల్లోకి వదులుతారు. అప్పటికి పచ్చగా నిలిచేది కంది ఒక్కటే. అందుకే విత్తే ముందే గట్టు పక్క రైతులతో మాట్లాడుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి వేస్తే కాపలా వంతులవారీగా కాయవచ్చు.