నోట్లో నాలుక లేని మనిషి మారితే: ఈ రెండు సినిమాల్లో ఏది మేలు?

ఒక కాఫీ షాపు. ఒంటరిగా కూర్చున్న ఓ బక్కపలచని మనిషిని చూసి, దగ్గర్లో ఉన్న జంట ఫ్రెంచిలో వెక్కిరిస్తూ ఉంటుంది. వీడికెక్కడ అర్థమవుతుందిలే అని వాళ్ల ధీమా. అతను పల్లెత్తు మాట అనడు. తర్వాత కారెక్కి టేపు పెట్టాక తెలుస్తుంది మనకు, అతను ఫ్రెంచి నేర్చుకుంటున్నాడని. అంటే వాళ్లన్న ప్రతి మాటా అర్థమైంది. అర్థమయ్యే ఊరుకున్నాడు.

2019లో రైలీ స్టెర్న్స్ తీసిన 'ది ఆర్ట్ ఆఫ్ సెల్ఫ్-డిఫెన్స్' ఇలా మొదలవుతుంది. మెతక మనిషి జీవితం మార్చుకోవడం గురించి వచ్చిన డార్క్ కామెడీల్లో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి ఇది. రెండోది ఆరన్ షిమ్‌బర్గ్ తీసిన 'ఎ డిఫరెంట్ మ్యాన్' (2024). ఒక్కటే చూసే తీరిక ఉంటే ఏది చూడాలి? ముగింపులు చెప్పకుండా వీటిని తూచడం కుదరదు. ముందే తెలిస్తే మజా పోతుందనుకునేవాళ్లు సినిమాలు చూశాకే చదవండి.

మొదటి సినిమాలో కేసీ (జెస్సీ ఐజెన్‌బర్గ్) ఒక అకౌంటెంట్. ఇంట్లో తోడుగా ఉన్నది ఓ పొట్టికాళ్ల డాక్స్‌హండ్ కుక్క. దానికి తిండి కొనడానికి రాత్రిపూట బయటికెళ్తే, బైకుల మీద వచ్చిన ముఠా చావబాదుతుంది. భయంతో ముందు తుపాకీ కొందామనుకుంటాడు. ఆ తర్వాత ఒక కరాటే డోజో (కరాటే నేర్పే బడి) కంటపడి అందులో చేరతాడు. అక్కడి గురువు సెన్సెయ్ (అలెస్సాండ్రో నివోలా) అతని జీవితం మొత్తాన్ని చేతిలోకి తీసుకుంటాడు. నీ పేరు ఆడపేరులా ఉందంటాడు. ఫ్రెంచి వద్దు, జర్మన్ నేర్చుకో అంటాడు. మెత్తటి పాటలు మానేసి హోరెత్తే మెటల్ సంగీతం విను అంటాడు. కేసీ అన్నిటికీ తల ఊపుతాడు.

నాకు బాగా గుర్తుండిపోయింది పసుపు బెల్టు. కరాటేలో ఎల్లో బెల్ట్ వచ్చాక కేసీకి అది తీయాలనిపించదు. మామూలు ప్యాంటు మీద కూడా పెట్టుకునేలా పసుపు రంగు తోలు బెల్టు చేయించుకుంటాడు. అంతటితో ఆగడు, డోజోలో మిగతావాళ్లకూ వాళ్లవాళ్ల రంగుల్లో చేయించి పంచుతాడు. ధైర్యం నడుముకు కట్టుకునే వస్తువు అన్నట్టు! ఆ దృశ్యంలో నవ్వొచ్చింది, వెంటనే మనసు చివుక్కుమంది కూడా. పుట్టాక మొదటిసారి తన మీద తనకు గౌరవం కలిగిన మనిషి సంబరం అది.

ఈ సినిమాలో నటులంతా ఏ భావమూ పలికించకుండా, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు. మొదట పదినిమిషాలు వింతగా ఉంటుంది. కానీ దీనివల్ల ఒక మేలు జరిగింది. 1999లో వచ్చిన 'ఫైట్ క్లబ్'లో కూడా ఆఫీసు ఉద్యోగంలో నలిగిపోయిన మనిషి కొట్లాటల్లో మగతనం వెతుక్కుంటాడు. అది గొప్ప సినిమా, కాదనను. అయితే బ్రాడ్ పిట్ వేసిన టైలర్ ఎంత ఆకర్షణగా ఉంటాడంటే, సినిమా ఎవర్ని తప్పుపడుతోందో మర్చిపోయి చాలామంది అతన్నే హీరోగా తలకెత్తుకున్నారు. సెన్సెయ్ విషయంలో ఆ పొరపాటు జరగడం కష్టం. మగతనం గురించి అతను చెప్పే ప్రతి సూత్రమూ అంత గంభీరమైన గొంతులో వినేసరికి డొల్ల అని తేలిపోతుంది.

డోజోలో అందరికన్నా నైపుణ్యం ఉన్నది ఆనా (ఇమోజెన్ పూట్స్). పిల్లల క్లాసు నడిపేదీ ఆమే. బ్లాక్ బెల్ట్ మాత్రం ఇవ్వరు. ఆడదానివి కాబట్టి కుదరదంటాడు గురువు, అదేదో ప్రకృతి ధర్మం అన్నట్టు. కేసీ కథ ఎంత నవ్వించినా, నాకు కోపం తెప్పించింది ఆనా కథే. చివర్లో డోజో ఆమె చేతికి రావడం సినిమాలో అన్నిటికన్నా న్యాయమైన సంగతి.

అయితే ఆ న్యాయం ఎలా జరిగింది? తనను కొట్టిన ముఠా వెనకున్నది గురువేనని తెలుసుకున్న కేసీ, చావోరేవో తేల్చుకుందామని సవాలు చేసి, పోరు మొదలవుతూనే తుపాకీతో కాల్చేస్తాడు. తుపాకులు బలహీనులకే అని చెప్పిన గురువుకు తగిన శాస్తే. థియేటర్లో అయితే ఈలలు పడే చోటు. కానీ నాకు ఇక్కడే ఓ ముల్లు గుచ్చుకుంటుంది. తనను భయపెట్టేదేదో తానే అయిపోవాలన్నది కేసీ కోరిక. కాల్చిన క్షణంలో ఆ కోరిక తీరిపోయింది. గురువు చచ్చాడు, గురువు పాఠం మాత్రం నెగ్గింది.

'ఎ డిఫరెంట్ మ్యాన్' సరిగ్గా ఈ ముల్లునే పట్టుకుంటుంది. ఎడ్వర్డ్ (సెబాస్టియన్ స్టాన్) న్యూరోఫైబ్రోమటోసిస్ వల్ల ముఖమంతా కణితులున్న మనిషి. నటుడు కావాలని ఆశ. దొరికింది మాత్రం, ముఖం వేరుగా ఉన్న సహోద్యోగితో ఎలా మెలగాలో నేర్పే ఆఫీసు శిక్షణ వీడియోలో ఓ పాత్ర. ఇంటి పైకప్పు కారుతుంటే గట్టిగా అడిగి బాగుచేయించుకోలేడు. పక్క ఫ్లాట్లోకి వచ్చిన నాటక రచయిత్రి ఇంగ్రిడ్ (రెనాటె రైన్స్‌వె) అంటే ఇష్టం, చెప్పలేడు. ఒక ప్రయోగాత్మక మందుతో అతని ముఖం పెచ్చులుగా ఊడి, కింద అందమైన ముఖం బయటపడుతుంది. ఎడ్వర్డ్ చనిపోయాడని చెప్పేసి, గై అనే కొత్త పేరుతో రియల్ ఎస్టేట్ ఏజెంటుగా వెలిగిపోతాడు.

ఇంకో సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు వేసేది. ఇక్కడ అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది. ఇంగ్రిడ్ ఎడ్వర్డ్ మీదే నాటకం రాస్తుంది. తన పాత్ర తానే వేయడానికి అతను పాత ముఖం అచ్చుతో చేసిన మాస్కు తొడుక్కుంటాడు. అప్పుడు ఓస్వాల్డ్ వస్తాడు. ఇతనికీ అదే జబ్బు, అలాంటి ముఖమే. కానీ కలుపుగోలు మనిషి, పాటలు పాడతాడు, అడుగుపెట్టిన చోటల్లా జనం అతని చుట్టూ చేరతారు. ఈ పాత్ర వేసిన ఆడమ్ పియర్సన్‌కు నిజ జీవితంలోనూ ఆ జబ్బు ఉంది. క్రమంగా నాటకంలో పాత్రా, ఇంగ్రిడ్ మనసూ ఓస్వాల్డ్ వైపు వెళ్లిపోతాయి. తన జీవితం పాడవడానికి ముఖమే కారణమని ఇన్నేళ్లు నమ్మిన ఎడ్వర్డ్, ఆ ముఖంతోనే హాయిగా బతుకుతున్న మనిషిని చూస్తూ నిలబడిపోతాడు. మందేసింది ఒక రోగానికి, బాధ ఇంకోటి.

నటన దగ్గర పోటీ లేదు. స్టాన్‌కు ఈ పాత్రకే 2024లో బెర్లిన్ చిత్రోత్సవంలో సిల్వర్ బేర్ అవార్డు, 2025 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ వచ్చాయి. మాస్కు తీసేశాక కూడా భుజాలు వంచుకునే నిలబడతాడు చూడండి, అక్కడే తెలుస్తుంది ఆ మనిషి మారలేదని. మైక్ మారినో బృందం చేసిన మేకప్ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఐజెన్‌బర్గ్ బాగా చేశాడు గానీ, బిడియపు పాత్రలు అతనికి కొత్త కాదు.

బిగువులో మాత్రం కరాటే సినిమాదే పైచేయి. 104 నిమిషాల్లో వృథా దృశ్యం దాదాపు లేదు. 'ఎ డిఫరెంట్ మ్యాన్' 112 నిమిషాలు. చివరి అరగంటలో కథ అటూ ఇటూ తూలుతుంది, కత్తిపోటు దాకా పోయిన మలుపు నాకు కొంచెం ఎక్కువే అనిపించింది. నవ్వుల కోసమే అయితే, పదిమందితో కూర్చుని చూడటానికైతే, కేసీ కథే పెట్టుకోండి.

అయినా ఒక్కటే అంటే నా ఓటు 'ఎ డిఫరెంట్ మ్యాన్'కే. కేసీ సినిమాలో మెతకగా ఉండి దెబ్బలు తినడమో, కర్కశంగా మారి కొట్టడమో తప్ప మూడో దారి మగవాళ్లెవరికీ కనిపించదు. ఇక్కడ ఓస్వాల్డ్ ఉన్నాడు. ఎవరి దగ్గరా పాఠం నేర్చుకోలేదు, ముఖం మార్చుకోలేదు, ఎవర్నీ కొట్టలేదు. ఏళ్ల తర్వాత చివరి సన్నివేశంలో ముగ్గురూ ఒక హోటల్లో కూర్చుంటారు. ఏం తింటావంటే ఎడ్వర్డ్ తేల్చుకోలేకపోతాడు. అంత జరిగాక, అంత పోగొట్టుకున్నాక, ఓస్వాల్డ్ ప్రేమగా అంటాడు, నువ్వేమీ మారలేదోయ్ అని.