జపాన్ వెళ్తున్నారా? రైల్ పాస్ కొనే ముందు మా 49 వేలు ఎలా పోయాయో చదవండి

అందరికీ నమస్కారం అండి. మాది విజయనగరం. 2025 ఏప్రిల్‌లో నేను, మా ఆయన, మా తొమ్మిదేళ్ళ బాబు కలిసి జపాన్ వెళ్ళొచ్చాం. మూడేళ్ళు చీటీ కట్టి, పాట పాడి తీసుకున్న డబ్బు అది. ట్రిప్ బాగా జరిగింది, దేశం బాగుంది, మనుషులు ఇంకా బాగున్నారు, అందులో ఏ లోటూ లేదు. కానీ వెళ్ళక ముందే ఒక తప్పు చేసీసాం. అది జపాన్ రైల్ పాస్ కొనడం. మొన్న మాకు తెలిసిన వాళ్ళు ఒకరు వేసవి సెలవులకి జపాన్ వెళ్తున్నాం, పాస్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చీసాం అని సంతోషంగా చెప్తుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా.

మాకు టికెట్లు చేసిన ట్రావెల్స్ ఆయన (పేరు వద్దులెండి, గొడవ పెట్టుకోవడానికి కాదు నేను రాసేది) మొదటి రోజే చెప్పారు, "జపాన్‌లో ట్రైన్ టికెట్లు చాలా ఖరీదు మేడమ్, పాస్ ఉంటే ఏడు రోజులు అన్‌లిమిటెడ్, ఏ ట్రైనయినా ఎక్కండి, ఎన్నిసార్లయినా ఎక్కండి" అని. అన్‌లిమిటెడ్ అనే మాట వినగానే మనకి ఏటో ధైర్యం వచ్చేస్తుంది కదా, ఇక లెక్క చూసుకోనక్కర్లేదు అనిపిస్తుంది. యూట్యూబ్‌లో చూస్తే అక్కడా ఇదే మాట, పాస్ తీసుకోకపోతే నష్టపోతారు అని. ఆ వీడియోలు ఏ సంవత్సరంలో పెట్టినవో మాత్రం నేను చూడలేదు. అసలు దెబ్బ అక్కడే పడింది, చెప్తాను.

మేం కొన్నప్పుడు ఏడు రోజుల పాస్ మామూలు క్లాస్‌కి పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి 50,000 యెన్లు. ఆరేళ్ళ నుంచి పదకొండేళ్ళ పిల్లలకి సగం. అంటే మా ముగ్గురికీ కలిపి 1,25,000 యెన్లు. అప్పుడు 100 యెన్లకి 58 రూపాయల దగ్గర ఉండేది, 72,500 రూపాయలు అయ్యింది, ఆయన సర్వీస్ ఛార్జీ అదీ ఇదీ కలిపి 78,000 తీసుకున్నారు. ఇచ్చీసాం.

మా నాన్నగారు మాత్రం ఆ రోజే అడిగారు. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ విజయనగరం నుంచి విశాఖ రోజూ పాసింజర్‌లో వెళ్ళి వచ్చిన మనిషి, సీజన్ టికెట్టు జేబులో లేకుండా ఇంట్లోంచి కదిలేవారు కాదు. "ఇది సీజన్ టికెట్ లాంటిదేనా అమ్మా? అయితే మీరు ఎన్నిసార్లు ఎక్కుతారు? విడిగా తీసుకుంటే ఎంతవుద్ది? రెండూ పక్కపక్కన రాసుకున్నారా?" అన్నారు. నేను "నాన్నా అది వేరు, అది బుల్లెట్ ట్రైన్‌కి" అని కొట్టిపారేసా. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడు మా ప్లాన్ చెప్తా, మీలో చాలామంది ప్లాన్ కూడా ఇలాగే ఉంటుంది. టోక్యోలో నాలుగు రాత్రులు, క్యోటోలో మూడు, ఒసాకాలో రెండు, తిరుగు ఫ్లైట్ ఒసాకా దగ్గర కాన్సాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి. అంటే పెద్ద దూరం వెళ్ళేది ఒక్కటే ఒక్కసారి, టోక్యో నుంచి క్యోటో. మిగతావన్నీ చిన్న చిన్న ప్రయాణాలు. ఈ ఒక్క మాట అర్థమై ఉంటే పాస్ కొనేవాళ్ళం కాదు.

టోక్యో దగ్గర నరితా ఎయిర్‌పోర్ట్‌లో దిగాం. వైజాగ్ నుంచి సింగపూర్ మీదుగా వచ్చేసరికి ఒళ్ళు హూనం, బాబు సూట్‌కేసు మీద తల పెట్టి పడుకుండిపోయాడు. మన చేతిలో ఉండేది పాస్ కాదు, ఎక్స్ఛేంజ్ ఆర్డర్ అనే కాగితం, దాన్ని అక్కడి రైల్వే కౌంటర్‌లో ఇచ్చి, పాస్‌పోర్ట్‌లో టూరిస్టుగా వచ్చినట్టు వేసిన స్టాంపు చూపించి అసలు పాస్ తీసుకోవాలి. ఆ లైన్లో దాదాపు గంట నిలబడ్డాం. కౌంటర్‌లో అమ్మాయి క్యాలెండర్ ఒకటి ముందు పెట్టి, ఆ రోజు తేదీ మీద పెన్ను ఆనించి "టుడే?" అని నవ్వుతూ అడిగింది. మా ఆయన తల ఊపారు. అంతే అండి, ఆ తల ఊపడంతో ఏడు రోజులూ ఆ నిమిషం నుంచి కరగడం మొదలైపోయింది. ఇక్కడ రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి, ఒకటి పాస్ ఏ రోజు నుంచి మొదలవ్వాలో మనమే చెప్పొచ్చు, మార్చుకున్న రోజు నుంచి నెలలోపు ఏ తేదీ అయినా ఇస్తారు, రెండోది ఏడు రోజులంటే వరసగా ఏడు తేదీలు, ఇరవై నాలుగు గంటల లెక్క కాదు, మీరు సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టినా ఆ రోజు ఒక రోజు కింద పోయినట్టే. ఇవేవీ మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మా హోటల్ టోక్యోలోనే అసకుసా అనే చోట, పెద్ద గుడి ఉంటుంది కదా, సెన్సోజీ, దాని దగ్గర. అక్కడ దిగాక తెలిసింది, అసకుసా స్టేషన్‌కి జేఆర్, అంటే జపాన్ రైల్వేస్ వాళ్ళ ట్రైన్లు అసలు రావు, అక్కడ ఉన్నవన్నీ వేరే కంపెనీల మెట్రోలు, ప్రైవేట్ లైన్లు. పాస్ పనిచేసేది జేఆర్ వాళ్ళ లైన్ల మీదే. టోక్యోలో రైలు అంటే మన దగ్గర లాగ అంతా ఒకళ్ళదే కాదు, ఒకే ఊళ్ళో ఎన్నో కంపెనీలు, గేటు గేటుకీ వేరే టికెట్టు. నరితా నుంచి అసకుసాకి డైరెక్ట్ ట్రైన్ ఉంది, దాదాపు 1,400 యెన్లు, సామాను దింపక్కర్లేదు, మారక్కర్లేదు. కానీ మా దగ్గర పాస్ ఉంది కదా అని 3,070 యెన్ల నరితా ఎక్స్‌ప్రెస్ ఎక్కి టోక్యో స్టేషన్ వెళ్ళి, నిద్రపోతున్న పిల్లాడిని ఒకరు ఎత్తుకుని, రెండు పెద్ద సూట్‌కేసులు ఒకరు లాక్కుంటూ, మెట్లూ కారిడార్లూ దాటి మళ్ళీ మెట్రోకి డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని అసకుసా చేరాం.

చేతిలో పాస్ ఉంటే మనిషి బుద్ధి అలగే పనిచేస్తుందండి. ఎటు దగ్గరో అటు వెళ్ళం, పాస్ ఎక్కడ చెల్లుతుందో అటు వెళ్తాం. నాలుగు రోజులూ ఇదే జరిగింది. మెట్రోలో పది నిమిషాల్లో వెళ్ళేదానికి ఉయెనో అనే స్టేషన్ దాకా నడిచి యమనోతే అనే లైన్ ఎక్కడం, ఎందుకంటే అది జేఆర్ కాబట్టి "ఫ్రీ". ఆ ఫ్రీ టికెట్ విలువ ఎంతో తెలుసా, 150 నుంచి 210 యెన్లు. నాలుగు రోజుల్లో ఒక్కొక్కరికి వెయ్యి యెన్ల ప్రయాణం కూడా సరిగ్గా అవ్వలేదు. అదే మెట్రోకి టూరిస్టులకని 72 గంటల టికెట్ ఉంటుంది, మేం వెళ్ళినప్పుడు 1,500 యెన్లే. టోక్యో తిరగడానికి అది చాలు.

ఐదో రోజు క్యోటోకి బయల్దేరాం. టోక్యో స్టేషన్‌లో బోర్డు మీద అన్నిటికంటే ఎక్కువ కనిపించే పేరు నొజోమి, అన్నిటికంటే స్పీడుగా వెళ్ళే బుల్లెట్ ట్రైన్ అదే, నిమిషాల తేడాలో ఒకటి బయల్దేరుతుంది. బాబు ఎన్నాళ్ళ నుంచో దాని బొమ్మలు గీసుకున్నాడు. కౌంటర్‌లో అడిగితే ఆయన ఒక లామినేషన్ కాగితం తీసి మా వైపు తిప్పి వేలితో చూపించారు. పాస్ మీద నొజోమి ఎక్కాలంటే క్యోటో వరకు మనిషికి ఇంకో 4,960 యెన్లు కట్టాలి. ఏ ట్రైనయినా ఎక్కండి అన్న మాట అప్పుడు చెవిలో మోగింది. కట్టలేదు, హికరి అనే ట్రైన్‌కి సీటు రాసిచ్చారు, దానికి పాస్ మీద ఎక్స్‌ట్రా లేదు, ఒక అరగంట లేటు అంతే, ట్రైన్ బాగుంది. బాబు మాత్రం పక్క ప్లాట్‌ఫామ్ మీంచి వెళ్ళిన నొజోమిని కనపడినంత సేపూ చూసి "మనది అది కాదా అమ్మా" అన్నాడు. వాడికి ఏం చెప్పను.

క్యోటోలో చాలావరకు బస్సులే, సిటీ బస్సు ఎక్కితే 230 యెన్లు, పాస్ చెల్లదు. పాస్ వాడింది నారా వెళ్ళి రావడానికి, రానుపోను 1,440 యెన్లు, ఫుషిమి ఇనారి అని ఎర్ర తోరణాల గుడికి, రానుపోను 300. ఎనిమిదో రోజు ఒసాకా వెళ్ళేసరికి పాస్ చచ్చిపోయింది. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే ట్రైన్‌కి మళ్ళీ డబ్బులిచ్చి కొన్నాం.

ఒసాకా చేరిన రాత్రి హోటల్లో బాబు పడుకున్నాక నేను వాడి డ్రాయింగ్ పుస్తకం వెనక పేజీలో నాన్నగారు చెప్పినట్టు రాసా. ఎడం పక్క పాస్, 50,000. కుడి పక్క మేం నిజంగా ఎక్కినవి. నరితా ఎక్స్‌ప్రెస్ 3,070, టోక్యోలో జేఆర్ లైన్లు వెయ్యి, క్యోటోకి బుల్లెట్ ట్రైన్ సుమారు 14,000, నారా 1,440, ఇనారి 300. మొత్తం 20,000 కూడా కాలేదు. పిల్లాడికి అందులో సగం. ముగ్గురికీ కలిపి 50,000 యెన్లు, అంటే 29 వేల రూపాయలు. మేం ఇచ్చింది 78 వేలు. 49 వేలు ఏమీ లేకుండా పోయాయి. మా బాబు స్కూల్ ఫీజు అది. మా ఆయన ఆ పేజీ చూసి చాలాసేపు మాట్లాడలేదు, "ఐదో రోజు నుంచి మొదలుపెట్టి ఉంటే?" అన్నారు. అదీ వేసి చూసా, అప్పుడు ఎయిర్‌పోర్ట్ ట్రైన్ కలిసేది గానీ నరితాది పోయేది, మళ్ళీ అదే 20 వేల దగ్గరే ఆగింది.

తప్పు ఎక్కడుందో వచ్చాక తెలిసింది. 2023 అక్టోబర్ ముందు ఈ పాస్ ధర 29,650 యెన్లే. ఆ రోజుల్లో టోక్యో నుంచి క్యోటో వెళ్ళి తిరిగి టోక్యో వచ్చేస్తే చాలు, టికెట్లకే దాదాపు ఆ డబ్బు అయిపోయేది, ఎయిర్‌పోర్ట్ ట్రైన్, నారా లాంటివి కలిపితే లాభమే. అందుకే అందరూ కళ్ళు మూసుకుని కొనమన్నారు, అప్పటికి అది నిజం. తర్వాత ధర ఒకేసారి 50,000 చేసీసారు. టికెట్ల రేట్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. పాత వీడియోలు అలాగే ఉన్నాయి, అమ్మేవాళ్ళ నోట్లో పాత మాటే ఉంది. మా ట్రావెల్స్ ఆయన కావాలని చేసారని నేను అనను, ఆయనకీ తెలిసి ఉండకపోవచ్చు. కానీ కమిషన్ తీసుకునే మనిషి మన రూట్ చూసి లెక్క వేసి చెప్పాలి కదండీ. వచ్చాక అడిగితే "వాడీసారు కదా మేడమ్, ఇక రీఫండ్ రాదు" అన్నారు. అది నిజమే, మొదలయ్యాక పైసా రాదు. మొదలవ్వాల్సిన తేదీకి ముందే అయితే కొంత కోసుకుని వెనక్కిస్తారు, కాబట్టి ఇప్పటికే కొనీసిన వాళ్ళు ఎవరైనా ఉంటే ఇంకా టైముంది, ఈ రోజే లెక్క చూసుకోండి. ఇంకోటి, పాస్ పారేసుకుంటే మళ్ళీ ఇవ్వరు, చిన్న టికెట్ ముక్కంత ఉంటుంది, గేటులోంచి తీసుకోవడం మర్చిపోకండి.

పాస్ ఎవరికి పనికొస్తుంది అంటే, వారం రోజుల్లో దూరం దూరం ఊళ్ళు చుట్టేవాళ్ళకి. టోక్యో, క్యోటో, హిరోషిమా వెళ్ళి మళ్ళీ టోక్యో వస్తే టికెట్లు విడిగా 45,000 యెన్ల దగ్గర అవుతాయి, దానికి ఎయిర్‌పోర్ట్ ట్రైన్ రెండుసార్లు కలిస్తే అప్పుడు పాస్‌కీ దానికీ సరిసమానం. అంత తిరిగినా సమానమే, లాభం కాదు, చూడండి మరి. అంతకంటే ఎక్కువ తిరిగితేనే మిగులుతుంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో అలా పరిగెత్తగలరా అన్నది కూడా ఆలోచించండి.

పాసులన్నీ దండగ అని మాత్రం నేను చెప్పట్లేదు. ఒసాకా వైపు తిరిగేవాళ్ళకి కాన్సాయ్ హిరోషిమా ఏరియా పాస్ అని ఐదు రోజులది ఉంది, మేం వెళ్ళినప్పుడు 17,000 యెన్లు. ఒసాకా నుంచి హిరోషిమాకి ఒక్కసారి వెళ్ళడానికే 10,000 దాటుతుంది, అంటే వెళ్ళి వస్తేనే పాస్ డబ్బులు వచ్చేసినట్టు, పైగా ఆ దారిలో నొజోమి కూడా ఎక్స్‌ట్రా లేకుండా ఎక్కొచ్చు. ఇది తెలిసి ఉంటే మేం ఒక రోజు హిరోషిమా కూడా చూసి వచ్చేవాళ్ళం, అదొక బాధ. మిగతా ఊళ్ళో తిరుగుళ్ళకి స్విచ్ వేసినంత సులువుగా పనిచేసే కార్డులు ఉన్నాయి, సుయికా, ఇకోకా అని, డబ్బులు వేసుకుని గేటు దగ్గర తాకిస్తే చాలు, జేఆర్ అయినా మెట్రో అయినా బస్సు అయినా చెల్లుతుంది. పెద్ద సూట్‌కేసులు ఉన్నవాళ్ళు ఇది కూడా చూసుకోండి, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 160 సెంటీమీటర్లు దాటితే టోక్యో, క్యోటో బుల్లెట్ ట్రైన్‌లో సామాను స్థలం ఉన్న సీటే ముందు రిజర్వ్ చేసుకోవాలి, లేకపోతే 1,000 యెన్లు కట్టిస్తారు.

నేను చెప్పిన రేట్లు మేం వెళ్ళినప్పటివి, మీరు వెళ్ళే ముందు ఒకసారి చూసుకోండి. నాన్నగారికి ఆ డ్రాయింగ్ పుస్తకం పేజీ చూపించా. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందకి రెండుసార్లు కూడారు, "లెక్క కరెక్టే వేసావమ్మా" అన్నారు. ఆ పేజీ చింపి దాచుకున్నా. ఎవరైనా జపాన్ వెళ్తుంటే మీరు ఏ రోజు ఏ ఊరు వెళ్తారో వరసగా రాసి నాకు పంపండి, పక్కన ఛార్జీలు వేసి ఇస్తాను, డబ్బులు కట్టే ముందు మాత్రం పంపండి.