అంకుల్ టుపెలో: ఏళ్ల తరబడి విన్నాక నా మాట

అమెరికన్ బ్యాండ్ అంకుల్ టుపెలో వినాలనుకునేవాళ్లకి అందరూ 1990లో వచ్చిన 'నో డిప్రెషన్' ఆల్బమ్ చేతిలో పెడతారు. కంట్రీ పాటల్ని రాక్, పంక్‌తో కలిపే ఆల్ట్-కంట్రీకి పునాది అదేనంటారు, 1995లో ఆ పేరుతో ఏకంగా ఒక పత్రికే వచ్చింది. నేను మాత్రం మూడో ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటాను. దాని పేరు 'మార్చ్ 16–20, 1992'. ఆ ఐదు రోజుల్లో రికార్డింగ్ పూర్తిచేసి, ఆ తేదీలనే పేరుగా పెట్టేశారు. ఇన్నేళ్లయినా నాకు పాతబడనిది అదొక్కటే.

పాటలు రాసి పాడే జే ఫర్రార్, జెఫ్ ట్వీడీ, డ్రమ్మర్ మైక్ హైడోర్న్ ముగ్గురిదీ సెయింట్ లూయిస్ దగ్గర్లో ఉన్న బెల్‌విల్ ఊరు. మొదటి రెండు ఆల్బమ్‌లలో పంక్ హోరు ఎక్కువ. మెల్లగా సాగుతున్న పాట ఉన్నట్టుండి గిటార్ల మోతలోకి దూకుతుంది. కుర్రతనంలో అది బాగా ఎక్కుతుంది, కానీ వరసగా వింటే అలసట వస్తుంది. 1992లో గ్రంజ్ అనే హోరెత్తే రాక్ మోత అమెరికా అంతా మార్మోగుతుంటే వీళ్లు ఎలక్ట్రిక్ గిటార్లు పక్కన పెట్టి, జార్జియాలోని ఏథెన్స్‌కి వెళ్లి ఈ ఆల్బమ్ చేశారు. ఆర్.ఇ.ఎం. అనే రాక్ బ్యాండ్ గిటారిస్ట్ పీటర్ బక్ నిర్మాత.

అకూస్టిక్ గిటార్, బాంజో, మాండలిన్... అంతా దగ్గర కూర్చుని వాయిస్తున్నట్టే వినిపిస్తుంది. దాదాపు సగం పాత జానపదాలు, మిగతావి సొంత పాటలు. ఏది పాతదో ఏది కొత్తదో పట్టుకోవడం కష్టం. మొదటి పాట 'గ్రైండ్‌స్టోన్' వీళ్లదే, దాని వెంటే వచ్చే 'కోల్‌మైనర్స్' కెంటకీ గని కార్మికుల ఇంటి ఆడపడుచు సారా ఓగన్ గన్నింగ్ కట్టింది. రెండింటిలోనూ ఒకే కష్టం, ఒకే కోపం. ఇక 'మూన్‌షైనర్'! ఫర్రార్‌కి అప్పటికి 25 ఏళ్లే. ఆ గొంతులో అంత బరువు ఎక్కడిదో! రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మాటల్లేని 'సాండస్కీ' అయితే నేను ఎన్నిసార్లయినా వింటాను.

లోపాలూ ఉన్నాయి. ఫర్రార్ మాటలు నోట్లోనే మింగేస్తాడు, మనలాంటివాళ్లకి మొదట్లో లిరిక్స్ పక్కన ఉండాల్సిందే. ట్వీడీ గొంతు అప్పటికింకా కుదురుకోలేదు. నెమ్మది పాటలు వరసగా రావడంతో రెండో సగం కొంచెం సాగినట్టుంటుంది.

1993లో పెద్ద కంపెనీకి చేసిన 'అనోడైన్' రికార్డింగ్ పరంగా వీళ్ల ఆల్బమ్‌లన్నిటిలో మెరుగైనది. ఆస్టిన్‌లో అందరూ కలిసి లైవ్‌గా వాయించారు. కానీ ఫర్రార్, ట్వీడీ ఎవరి దారి వాళ్లదన్నట్టు నాకు అందులోనే వినిపిస్తుంది. 1994 మే 1న సెయింట్ లూయిస్‌లో చివరి షో. తర్వాత ఫర్రార్ సన్ వోల్ట్, ట్వీడీ విల్కో అని వేరే బ్యాండ్‌లు పెట్టుకున్నారు. విల్కో అభిమానులు ట్వీడీ కోసం వచ్చి ఫర్రార్‌ని దాటేయకండి, ఈ బ్యాండ్‌కి వెన్నెముక అతని గొంతే.

మూడో ఆల్బమ్ కొనాలంటే 2003 రీఇష్యూ తీసుకోండి. చివర్లో డెమోలు (ముందుగా చేసుకున్న నమూనా రికార్డింగ్‌లు) కలిపారు. అవి మరోరోజు వినొచ్చు. మొదటిసారి మాత్రం 15వ పాట 'వైప్ ద క్లాక్' అవగానే ఆపేయండి.