మెగా డీఎస్సీ కొత్త టీచర్ల ఇండక్షన్ ట్రైనింగ్: 5కి 3 స్టార్లు

2025 సెప్టెంబర్ 25న వెలగపూడిలో అపాయింట్‌మెంట్ ఆర్డర్స్ అందుకున్న ఎస్జీటీల్లో, అంటే ప్రైమరీ తరగతుల టీచర్లలో, నేనూ ఒకదాన్ని. తర్వాత జరిగిన ట్రైనింగ్ ఎలా ఉందని నెక్స్ట్ డీఎస్సీకి చదువుతున్నవాళ్ళు తెగ అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. సెంటర్ పేరు వద్దు లెండి. భోజనం బానే పెట్టారు, మైకు మాత్రం సరిగ్గా పనిచేస్తే ఒట్టు.

ఎఫ్ఎల్ఎన్ (చిన్న తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలకి పునాది వేయడం) సెషన్లు సూపర్. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి గ్రూపులు చేయడం చేతులతో చేయించి మరీ నేర్పారు, ఇప్పుడు 1, 2 తరగతులు ఒకే గదిలో కూర్చుంటే నాకు అదే దిక్కు. మిగతా చాలావరకు పీపీటీలే, స్లైడ్ చదివి వినిపించడానికి మనిషెందుకండీ.

అసలు సరుకు ఒక మధ్యాహ్నం ప్రొజెక్టర్ మొరాయించినప్పుడు దొరికింది. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న ఒక హెచ్ఎం గారు లేచి, "వెళ్ళగానే అడ్మిషన్ రిజిస్టర్ అడిగి ఏ పిల్లాడు ఏ వీధి నుంచి వస్తాడో చూడండమ్మా, బడి వదిలాక ఆ వీధి ఒకసారి తిరిగి రండి. వంటామెని పేరుతో పిలవండి. పాత టీచర్ గోడకి అంటించిన చార్టులు మొదటి నెల్లోనే పీకేయకండి, అవి పిల్లలు రంగులేసినవి" అన్నారు. ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు ఆ టైంలో.

ఇలాంటివే ఎక్కువ కావాలి. చేరిన వారానికే సీనియర్లు "మీకు ఫోన్లు బాగా వచ్చు కదమ్మా" అని లీప్ యాప్ (విద్యాశాఖ యాప్) అటెండెన్స్, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ మన నెత్తిన పెడతారు, కాదనలేం, అలాగని అన్నీ నెత్తినేసుకుంటే రెండో పీరియడ్ దాకా పాఠం మొదలవదు. ఎంతవరకు ఒప్పుకోవాలి, ఎలా మర్యాదగా తప్పించుకోవాలి అనేది ఒక్క స్లైడ్‌లోనూ లేదు. డిసెంబర్ 5న మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల మీటింగ్) వచ్చినప్పుడు మాత్రం వీధి తిరిగిన పుణ్యం కలిసొచ్చింది, సగంమంది అమ్మలు నన్ను ముందే గుర్తుపట్టి వాళ్ళే మాట కలిపారు.

నా సలహా అడిగితే స్లైడ్లు సగం తగ్గించి, ఒక రోజు నడుస్తున్న బడిలో సీనియర్ టీచర్ పక్కన కూర్చోబెట్టాలి.

వెళ్ళేవాళ్ళు ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకెళ్ళండి, మా రూముకి ప్లగ్ పాయింట్ ఒక్కటే.