గాలిలో గ్రానైట్ గుండ్లు: ఓపెన్ బ్రష్ చాలాకాలం వాడాక

నా లెక్కలో వీఆర్ బొమ్మలు, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని గాలిలో వేసే త్రీడీ బొమ్మలు, గీత బాగా గీసేవాళ్లకంటే మట్టి పిసికే అలవాటున్నవాళ్లకే త్వరగా పట్టుబడతాయి. క్వెస్ట్ 2 హెడ్‌సెట్‌లో నేను వాడే బొమ్మల యాప్ ఓపెన్ బ్రష్. గూగుల్ 2016లో తెచ్చిన టిల్ట్ బ్రష్ యాప్‌ను 2021లో ఓపెన్ సోర్స్ చేసి, అంటే కోడ్ అందరికీ ఇచ్చేసి, వదిలేస్తే, ఔత్సాహికులు అందుకుని నడుపుతున్నారు. ఉచితమే.

ఎక్కువగా వేసేది మన హైదరాబాద్ బండరాళ్లే. సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్న మష్రూమ్ రాక్ లాంటివి. కాగితం మీదైతే నీడలు పెట్టి గుండ్రంగా అనిపించాలి. ఇక్కడ ఆ తిప్పలు లేవు, వేరేవి ఉన్నాయి. చాలా బ్రష్‌లు వేసే గీత ఒట్టి రిబ్బన్. ఎదురుగా చూస్తే వెడల్పు, పక్కకు జరిగితే కనపడీ కనపడకుండా పోతుంది. ముందునుంచి అదిరిపోయిన గుండు, చుట్టూ తిరిగి చూస్తే చిరిగిన కాగితాల కుప్ప.

అందుకే రాళ్లకు మ్యాట్ హల్ బ్రష్ పట్టుకున్నా. చెయ్యి తిరిగినంత మేరా పైనుంచి తొడుగేసి ఘనాకారం చేస్తుంది. కానీ దాంతో గుంటలు, పగుళ్లు రావు. పగులు కావాలంటే రెండు ముక్కలు విడిగా చేసి దగ్గరికి జరపాలి. అసలు ఈ గ్రానైట్ కూడా పగుళ్ల వెంట విడిపోయి, అంచులు అరిగి గుండ్లయిందే కదా, పద్ధతి భలే కుదిరింది. ఒక్కో గుండును ఒక్కో లేయర్‌లో పెట్టుకుంటే సర్దుకోవడం తేలిక.

అమ్మకు హెడ్‌సెట్ పెడితే నేరుగా రాయిలోకి నడిచి, "లోపలంత ఖాళీగనే ఉందేంది బిడ్డా?" అంది. పైతొడుగే మరి!

రెండు చేతుల కంట్రోలర్ల గ్రిప్ బటన్లూ నొక్కి చేతులు చాపితే అరచేతిలో రాయి మనిషెత్తు దాటిపోతుంది. నన్ను ఇన్నాళ్లు కట్టిపడేసింది ఇదే.

ఇంట్లో కనీసం రెండు మీటర్ల చదరం ఖాళీ కావాలి. చెయ్యెత్తేముందు సీలింగ్ ఫ్యాన్ ఎక్కడుందో చూసుకోండి. రాత్రి కరెంటు పోతే హెడ్‌సెట్ కెమెరాలకు గది కనపడదు, పని ఆగినట్టే. ఎండ లెన్సుల మీద పడితే స్క్రీన్ పాడవుతుంది, బాల్కనీ ఆలోచన వద్దు. మే నెలలో ఏ హెడ్‌సెట్ అయినా ముఖానికి చెమట స్నానమే.

బొమ్మను జీఎల్‌బీ అనే త్రీడీ ఫైలుగా తీసి, కంప్యూటర్‌లో బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తెరవొచ్చు. మెరిసే, కదిలే బ్రష్‌ల హంగంతా ఆ దారిలోనే రాలిపోతుంది. రాళ్లకు ఆ బెంగ లేదు.