మనాలి నుంచి లేహ్ సైకిల్ మీద: ముందు రెండో బండి సంగతి అడగండి

మా హనుమకొండలో ఎత్తు అంటే పద్మాక్షి గుట్ట. ఊరే సముద్ర మట్టానికి 270 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి ఐదుగురం బయల్దేరి, 5,328 మీటర్ల తంగ్లాంగ్ లా దాటుకుని లేహ్ దాకా సైకిల్ తొక్కాలని పోయిన సెప్టెంబర్‌లో వెళ్లాం. (లడఖీలో 'లా' అంటే కనుమ.) నలుగురం తొక్కుకుంటూ చేరాం. ఐదోమనిషి మా బావ, అక్క మొగుడు, బస్సులో వచ్చాడు. మా అందరిలో గట్టివాడు ఆయనే కావడం ఇందులో విచిత్రం.

ఆరు నెలలు ప్రాక్టీస్ చేశాం. ఆదివారం పాకాల, లేకపోతే రామప్ప. నెలకోసారి ఎక్కుడు అలవాటు కావాలని సైకిళ్లు బండికెక్కించుకుని ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్‌కు పోయేవాళ్లం. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ కూడా రెండుసార్లు ఎక్కాం. 46 ఏళ్ల బావ ప్రతిసారీ మా కంటే ముందు పైకి చేరి, చెట్టు నీడన కూర్చుని పల్లీలు నములుతూ మా కోసం చూసేవాడు. ఆ ప్రాక్టీస్ కాళ్లకు పనికొచ్చిందని ఒప్పుకుంటాను. ఊపిరికి మాత్రం కాదు. కెరమెరిలో ఎక్కుడు మొదలైందనుకునేలోపే అయిపోతుంది. మనాలి నుంచి రోహ్‌తాంగ్ 51 కిలోమీటర్లు, పైకి దాదాపు 1,900 మీటర్లు. అదింకా మొదటి కనుమే.

ప్యాకేజీ కోసం మూడు కంపెనీలను అడిగాం. మేం తీసుకున్నది మధ్య రేటుది, మనిషికి 46 వేలు. సైకిల్, టెంట్, తిండి, గైడ్, మెకానిక్, సామాన్ల బండి అన్నీ అందులోనే. ఎక్కువ రేటు చెప్పినవాళ్లు దారిలోని జిస్పా అనే ఊర్లో రెండు రాత్రులు, చివర్లో ఒక ఖాళీ రోజు పెట్టారు. "ఊరికే ఒక రోజు కూర్చోబెట్టి పైసలు గుంజుడు" అని నవ్వుకున్నాం. మేం తీసుకున్న కంపెనీని కూడా ప్రశ్నలు బాగానే అడిగాం. టెంట్‌లో ఎందరు, గుడ్లు పెడతారా, బాత్‌రూమ్ ఎట్లుంటది, అన్నీ. బండ్లు ఎన్ని అని ఒక్కరం కూడా అడగలేదు.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి బస్సులో మనాలి. మాలో ఒక్కడే సొంత సైకిల్ తెచ్చుకున్నాడు. చక్రాలు ఊడదీసి, సైకిల్ షాపులో అడిగి తెచ్చిన అట్టపెట్టెలో పెట్టి పార్సిల్ వేశాడు. దారంతా ఆ పెట్టె గురించే టెన్షన్ పడ్డాడు. ఢిల్లీ బస్సువాడు లగేజీ అని అదనంగా పైసలు కూడా తీసుకున్నాడు. మనాలిలో మాకు ఇచ్చిన అద్దె సైకిళ్లు చూశాక వాడు చేసిందే మంచి పని అనిపించింది. నాకు ఇచ్చిన ఫ్రేమ్ నా ఎత్తుకు పెద్దది, వెనక బ్రేక్ ప్యాడ్లు దాదాపు అరిగిపోయాయి. గట్టిగా అడిగితే సైకిల్ మార్చారు, ప్యాడ్లు మాత్రం "దారిలో వేస్తాం" అన్నారు. ఆ మాట నమ్మి రోహ్‌తాంగ్ అవతల దిగుడులో ఇనుము ఇనుముకు రాసుకునే చప్పుడు వింటూ దిగాను. అద్దె సైకిల్ అయితే మనాలిలోనే ప్యాడ్లు కళ్లతో చూసుకోండి, దగ్గరుండి మార్పించండి. సీటు మాత్రం ఇంటి నుంచే పట్టుకుపోండి. పన్నెండు రోజులు కూర్చునేది దాని మీదే.

మనాలిలో బస ఫర్వాలేదు. వేడినీళ్లు పొద్దున గంటసేపు వస్తాయి, చుట్టుపక్కల కేఫ్‌ల పాటలు మాత్రం అర్ధరాత్రి దాకా ఆగవు. ఒళ్లు అలవాటుపడాలని ఒకరోజు నగ్గర్ దాకా తొక్కించారు. అది బాగుంది.

రోహ్‌తాంగ్ దారి గురించి మాత్రం మంచిగానే చెప్పాలి. 2020 అక్టోబర్‌లో అటల్ సొరంగం తెరిచినప్పటి నుంచి లారీలు, బస్సులు కొండ కింద నుంచే పోతున్నాయి. పాత ఘాట్ రోడ్డు మీద మిగిలింది మంచు చూడడానికి వచ్చే కార్లే. పొద్దున ఆరు గంటలకు బయల్దేరితే మొదటి మూడు గంటలు రోడ్డు మనదే. ఆ దారిలోనే మఢీ అనే చోట వేసిన టెంట్లు వానకు కారాయి, స్లీపింగ్ బ్యాగులు ముందు బ్యాచ్ వాళ్ల చెమట వాసన కొట్టాయి. నేనైతే లోపల వేసుకోవడానికి పలుచటి దుప్పటి సంచి కుట్టించుకుని తీసుకెళ్లమంటాను.

కనుమ దిగి లాహౌల్ లోయలోకి వచ్చాక సిస్సులో హోమ్‌స్టే. మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చిన రెండు బసల్లో ఇది ఒకటి. ఇంటి ముందు ఆలుగడ్డ చేను, ఎదురు కొండ మీంచి జలపాతం. ఆ ఇంటావిడ రాజ్మా, ఆలుగడ్డ కూర వండి, మాకు హిందీలో మాట్లాడేవాళ్లం దొరికామని కొసరి కొసరి పెట్టింది. మా దక్కనీ హిందీకి ఆమె ఎంత నవ్విందో. మేం తెచ్చిన సకినాలు రుచి చూసి, ఇవి ఎట్ల చుడతారని అడిగింది. చేత్తో చుట్టి చూపించబోయి నేనే నవ్వులపాలయ్యాను, ఆ విద్య మా అమ్మది.

చంద్ర, భాగ నదులు కలిసే తాండి దగ్గర ఒక పెట్రోల్ బంక్ ఉంటుంది. తర్వాతి బంక్ 365 కిలోమీటర్ల దూరం అని అక్కడి బోర్డు ఎప్పటినుంచో ప్రసిద్ధం. మా డ్రైవర్ ట్యాంకుతో పాటు క్యాన్లు కూడా నింపుకున్నాడు. డీజిల్‌కే కాదు, సైకిల్ సామాన్లకూ అదే లెక్క. కేలాంగ్ దాటాక ట్యూబు కావాలన్నా మన బండిలో ఉంటేనే.

గైడ్ లాహౌల్ కుర్రాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మాట తక్కువ. మధ్యాహ్నానికి ఎండకు మంచు కరిగి వాగులు పెరుగుతాయని, వాటిని పదిలోపే దాటించేవాడు. మేం ఫొటోలకు ఆగితే కసిరేవాడు. మొదట్లో వీడేంటి పీటీ సార్ లాగా అనుకున్నాం. ఒకరోజు మా వెనకే వచ్చిన వేరే జట్టు మధ్యాహ్నం మూడింటికి మోకాళ్ల పైదాకా నీళ్లలో సైకిళ్లు భుజాన మోసుకుంటూ దాటడం చూశాక ఎవరం నోరెత్తలేదు.

జిస్పాలో ఒక్క రాత్రే ఉన్నాం. జింగ్‌జింగ్‌బార్‌లో ఇంకో రాత్రి. ఆ మర్నాడు 4,890 మీటర్ల బారాలాచా లా. సూరజ్ తాల్ సరస్సు దాటాక అందరం పది తొక్కులకోసారి ఆగుతున్నాం, బావ మాత్రం ఆగకుండా మా కంటే ముందే పైకి పోయాడు. పైన బెల్లం పంచాను. ఇంట్లోవాళ్లు మేడారం బంగారమని కట్టిచ్చిన ముద్ద అది. బావ వద్దన్నాడు. ఆయన తీపి వద్దనడం నా జన్మలో చూడలేదు, అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. ఊర్లో డాక్టర్ మా అందరికీ ఎత్తు పడక వచ్చే జబ్బుకు ముందుగా వేసుకునే డయామాక్స్ గోళీలు రాసిచ్చాడు. మేం వేసుకున్నాం. వేళ్లు జిల్లుమంటాయి, ఊరికే ఒంటికి పోవాల్సి వస్తుంది, అంతే. బావేమో "బీపీ గోళీ కూడా ఎరుగని ఒళ్లు బామ్మర్దీ ఇది" అని జేబులోనే ఉంచుకున్నాడు.

ఎత్తుకు ఒళ్లు అలవాటుపడడానికీ కాళ్ల బలానికీ సంబంధం లేదు. బలం ఉన్నవాడు తొందరగా ఎక్కుతాడు కాబట్టి అతనికే ముప్పు ఎక్కువ అని గైడ్ తర్వాత చెప్పాడు.

సర్చు దాదాపు 4,300 మీటర్ల ఎత్తున మైదానం. వరసగా తెల్ల టెంట్లు, లోపల మంచాలు, వెనక బాత్‌రూమ్, చూడడానికి పెళ్లి విడిదిలా ఉంటుంది. కానీ చోటు మోసకారిది. ఇటు బారాలాచా, అటు లాచులుంగ్ లా. ఒంట్లో బాగాలేకపోతే కిందికి దిగాలి, కిందికి దిగాలంటే ముందు పైకి ఎక్కాలి. రాత్రి గైడ్ అందరి వేళ్లకూ రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ పెట్టి చూశాడు. నాది 81. ఆ ఎత్తులో అది మామూలేనన్నాడు. బావది 64. తలనొప్పి, రెండుసార్లు వాంతి. "ఏం కాలే, తల పట్టేసింది, పండుకుంటే పోతది" అంటున్నాడు బావ. గైడ్ ఆయనతో వాదించలేదు. లేచి నిలబడి ఒక గీత మీద మడమ, వేలు ఆనించి నడవమన్నాడు. బావ మూడో అడుగుకే తూలాడు. గైడ్ వెళ్లి డ్రైవర్‌ను నిద్ర లేపాడు. పది నిమిషాల్లో ఆక్సిజన్ పెట్టి, నూరు కిలోమీటర్ల పైన ఉన్న కేలాంగ్ ఆసుపత్రికి చీకట్లో బయల్దేరారు. నేనూ వస్తానంటే వద్దన్నాడు, నా తలనొప్పి సంగతి అతనికి తెలుసు.

బండి పోయాక గానీ మాకు తెలిసిరాలేదు. వంట సామాన్లు, గ్యాస్, స్పేర్ ట్యూబులు, ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండర్, అన్నీ అందులోనే. మేం నలుగురం, ఇదే ప్యాకేజీలో బెంగళూరు నుంచి వచ్చిన మరో నలుగురు, ఒక మెకానిక్ అబ్బాయి. మొత్తం తొమ్మిది మందిమి బండి లేకుండా అంత ఎత్తులో కూర్చున్నాం. ఆ రాత్రి ఇంకొకరికి అలాగే అయి ఉంటే? ఫోన్ సిగ్నల్ లేదు. మర్నాడు తిండి, బస మా జేబులోంచే, మనిషికి 1,800. సాయంత్రం ఐదింటికి బండి తిరిగి వచ్చింది. గైడ్ దిగి ఒక చీటీ ఇచ్చాడు. బావ చేతిరాత: 'ఇప్పుడు 88. అక్కకు చెప్పకు.'

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అలా ఊరికే కూర్చున్న ఆ ఒక్క రోజులోనే నా తలనొప్పి పోయింది, ఆకలి వేసింది, రాత్రి నిద్ర పట్టింది. మేం నవ్వుకున్న ఖాళీ రోజు అదే.

తర్వాతి రోజు గాటా లూప్స్ 21 మలుపులూ ఆగి ఆగి ఎక్కాం. అక్కడ దాహంతో చనిపోయిన లారీ క్లీనర్ ఆత్మ ఉందని, పోయేవాళ్లు నీళ్ల సీసాలు పెట్టిపోతారు. నమ్మకానికి నేనేమీ అనను, కానీ అక్కడ ప్లాస్టిక్ గుట్ట అయింది. నకీ లా, లాచులుంగ్ లా దాటి పాంగ్ చేరాం. పాంగ్‌లో పారాచూట్ గుడ్డతో వేసిన ధాబాలో పడుకున్నాం. వరసగా పరుపులు, మోయలేనంత బరువున్న బొంతలు, మధ్యలో పొయ్యి. బాత్‌రూమ్ కోసం బయటికి నడవాలి. అయినా సర్చు విడిది కంటే ఇక్కడే వెచ్చగా నిద్రపోయాను, ధర అందులో నాలుగో వంతు కూడా కాదు. ఆ ఎత్తుల్లో నీళ్లు 85, 86 డిగ్రీలకే మరుగుతాయి, అందుకే ధాబా ఆవిడ పప్పూ అన్నం రెండూ కుక్కర్‌లోనే దించింది. నేను ఆవకాయ ప్యాకెట్ తీస్తే బంతిలా ఉబ్బి ఉంది. కత్తెర పెట్టగానే నూనె చొక్కా మీదికి చిమ్మింది. లేహ్ దాకా ఆ వాసనతోనే తొక్కాను.

మోరే మైదానం నలభై కిలోమీటర్లు తారు రోడ్డు, నున్నగా. దూరంగా కియాంగ్‌లు, అంటే అడవి గాడిదలు. మధ్యాహ్నం నుంచి ఎదురుగాలి. తంగ్లాంగ్ లా ఎక్కుడు గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, ముందు చక్రం తప్ప ఏమీ చూడలేదు. గాలిలో ఒత్తిడి మన ఊరి దాంట్లో సగమే. పైన ఫొటోలో నవ్వుతున్నట్టు కనిపిస్తాను గానీ అది దవడ బిగుసుకుపోవడం. అవతల దిగుడు, ఊదా రంగు రాళ్లు, గ్యా దగ్గర బార్లీ చేలు, లాతోలో హోమ్‌స్టే. ఇదీ నా రెండో మంచి బస. మట్టి పోసే పొడి మరుగుదొడ్డి చూసి మొదట జంకాను. నీళ్లు గడ్డకట్టే ఊర్లో అదే శుభ్రమైన పద్ధతి, వాసన కూడా లేదు.

అన్ని రోజులూ మాకు బావ ఎక్కడున్నాడో తెలియదు. ఆయనది ప్రీపెయిడ్ సిమ్. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒక్కటే పనిచేస్తుంది. ఉప్షీ దగ్గర సింధు నది పక్కన ఆగినప్పుడు నా ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. లేహ్ గెస్ట్‌హౌస్‌కు చేస్తే, "మీ బావగారు రెండు రోజుల నుంచి ఇక్కడే, ఆప్రికాట్లు తింటున్నారు" అన్నారు. డాక్టర్ రెండు రోజులు చూసి, దారిలో రాత్రి ఎక్కడా ఉండొద్దు, ఒకే రోజులో లేహ్ చేరాలి అన్నాడట. తెల్లవారుజామున కేలాంగ్‌లో హిమాచల్ ప్రభుత్వ బస్సెక్కి, రాత్రికి దిగాడు.

సర్చులో ఒక రోజు పోవడంతో లేహ్ పైనున్న ఖార్దుంగ్ లా తొక్కడానికి రోజు మిగల్లేదు. కంపెనీవాళ్లు బండిలో పైకి తీసుకెళ్లి సైకిల్ మీద దింపుతామన్నారు. ఇద్దరు పోయారు, బాగుందన్నారు. అక్కడ 18,380 అడుగులని బోర్డు ఉండేది, అసలు ఎత్తు 17,582 అడుగుల దగ్గర. నేను పోలేదు, ఎక్కకుండా దిగడం నాకు రుచించలేదు. సర్చు ఖర్చు ఇవ్వమంటే అనుకోని పరిస్థితి అని చేతులు దులుపుకున్నారు. గైడ్ మాత్రం తన ఫోన్ నంబర్ ఇచ్చి, ఈసారి నేరుగా తనకే చెప్పమన్నాడు. రెండు బండ్లు, జిస్పాలో రెండు రాత్రులు, మనిషికి ఏడెనిమిది వేలు ఎక్కువవుతుందట. ఇస్తాను.

కాజీపేటలో రైలు దిగేసరికి అక్క స్టేషన్‌కు వచ్చింది, ఆమెకు అంతా తెలిసిపోయింది. మేం బావ జాలిగా తల దించుకుంటాడనుకున్నాం. ఆయన బ్యాగు భుజాన వేసుకుని, "వీళ్లంతా బారాలాచా ఒక్కసారి దాటిర్రు. నేను మూడుసార్లు దాటిన" అన్నాడు.