రెట్టింపు రేటు, అదే స్పీడు: థింక్‌ప్యాడ్ టీ480తో నా అనుభవం

"అక్కా, రెట్టింపు పెట్టి కొంటే రెట్టింపు స్పీడ్ వస్తుందా?" అని ఫోన్‌లో మా తమ్ముడు. రాదురా అన్నాను. "మరి నువ్వెందుకు కొన్నావ్?" అన్నాడు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నా.

నా పని అనువాదం. రోజుకి ఏడెనిమిది గంటలు చేతులు కీబోర్డు మీదే ఉంటాయి. దీనికి ముందు ఒక చవక ల్యాప్‌టాప్ వాడాను, కంపెనీ పేరు వద్దులెండి. స్పెక్స్ చూస్తే దేనికీ లోటు లేదు. మూడో ఏడు ఒకరోజు పొద్దున్నే మూత తెరుస్తుంటే ఎడమ మూల 'టక్' మంది, స్క్రీన్ చుట్టూ ఉన్న ఫ్రేమ్ నోరు తెరిచింది. రిపేర్ చేసే అబ్బాయి విప్పి చూపించాడు. మూతని పట్టుకునే మడత బందు, అదే హింజ్, ఇనుముదే, నిక్షేపంగా ఉంది. దాని స్క్రూలు బిగించే బుల్లి ఇత్తడి నట్లు మాత్రం ప్లాస్టిక్‌లో పొదిగి ఉన్నాయి. ఆ ప్లాస్టిక్ పెచ్చులుగా లేచి, నట్లతో సహా అతని అరచేతిలో పడింది. రోజుకి పదిసార్లు తెరిచి మూసే వస్తువుకి ఆధారం అదన్నమాట!

ఆ కోపంలో కొన్నదే లెనోవో కంపెనీ థింక్‌ప్యాడ్ టీ480. 2018 మోడల్. ఇందులో ఉన్న ఐ5-8250యు ప్రాసెసర్ చిప్ అప్పట్లో మామూలు ల్యాప్‌టాప్‌లలో కూడా వచ్చేది, కాబట్టి స్పీడ్ కోసం నేను అదనంగా పెట్టిందేమీ లేదు. డబ్బు వెళ్ళింది వేరే చోటికి. హింజ్ ఇప్పటికీ బిగువుగానే ఉంది. కీబోర్డు మీటలు మధ్యలో కాస్త గుంటగా ఉండి వేలికి కుదురుతాయి, నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది. ఒకసారి అర గ్లాసు నీళ్ళు ఒలికించాను. గుండె ఆగినంత పనైంది. ఆఫ్ చేసి ఎత్తి చూస్తే అడుగున కారిపోతున్నాయి. కీబోర్డు కింద నీళ్ళు పోవడానికి కాలువలు, రంధ్రాలు పెడతారని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు మామూలుగానే పనిచేసింది. బ్యాటరీలు రెండు: లోపల ఒకటి, బయట ఒకటి. బయటది ఆఫ్ చేయకుండానే మార్చుకోవచ్చు. ర్యామ్‌కి, అంటే పని నడిచేటప్పుడు వాడే మెమరీకి, రెండు స్లాట్లున్నాయి. 8 జీబీతో కొని తర్వాత నేనే 16 చేసుకున్నా.

అలాగని కళ్ళు మూసుకుని కొనేయకండి. ఇదే మోడల్‌ని స్పష్టత తక్కువగా ఉండే 1366x768 స్క్రీన్‌తో కూడా అమ్మారు! పొరపాటున అది తీసుకుంటే ఖరీదైన కీబోర్డు మీద చవక బొమ్మ చూడాలి. పైగా 2019లో వచ్చిన టీ490లో ఆ బయటి బ్యాటరీ లేదు, ర్యామ్‌లో కొంత బోర్డుకే అతికించేశారు. థింక్‌ప్యాడ్ పేరు అదే, వస్తువు వేరు. అసలు 'బ్రాండ్' అనే మాటే తికమక పెడుతుంది. లెనోవోలోనే మామూలు వాడకానికి ఐడియాప్యాడ్ ఉంది, ఆఫీసులకి థింక్‌ప్యాడ్ ఉంది. చూడాల్సింది సిరీస్, అందులో మోడల్.

చిప్‌కే డబ్బు పెట్టిన సందర్భం అంటే యాపిల్ వాళ్ళ మాక్‌బుక్ ఎయిర్. 2020 నవంబర్‌లో యాపిల్ సొంత చిప్ ఎం1తో వచ్చిన ఎయిర్‌లో ఫ్యానే లేదు. స్నేహితురాలిది ఒక వారం వాడాను, ఛార్జర్ సంగతే గుర్తురాలేదు. కానీ ర్యామ్ కొన్నరోజు ఎంతో ఎప్పటికీ అంతే, పెంచుకునే వీలు లేదు. అన్నిటికంటే చవక ఎయిర్‌కి 8 జీబీనే. అది 16 అయ్యేసరికి 2024 అక్టోబర్ వచ్చింది.

ఇంతకీ మా వాడి సంగతి. వాడు చేసేది వీడియో క్లాసులు వినడం, వారానికి రెండు మెయిళ్ళు పంపడం. దానికి కొత్త ప్రీమియం ల్యాప్‌టాప్ దండగ. ఆఫీసులు వాడి అమ్మేసే, థింక్‌ప్యాడ్ లాంటి బిజినెస్ సిరీస్‌లో ఒకటి చూసుకోమన్నాను. ఇంటెల్ చిప్ అయితే ఎనిమిదో జనరేషన్‌కి తక్కువ వద్దు, మామూలుగా వాటిలో విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. డబ్బు ఇచ్చేముందు స్క్రీన్‌ని ఒక మూల పట్టుకుని మెల్లగా తెరిచి చూడు, రెండో మూల కూడా దాంతోపాటే లేవాలి, ఎక్కడా చప్పుడు రాకూడదు అని కూడా చెప్పాను.

"సరే అక్కా, స్పీడ్ ఎలా ఉంటుంది?" అన్నాడు.